పిల్ల రాని పుట్టినరోజు

“పిల్ల అక్కడ, పరమాన్నం ఇక్కడానా? ఫొటోకి దండొకటే తక్కువ” అని బాబాయి మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో రాశాడు. కింద నవ్వే బొమ్మొకటి పెట్టాడు. గ్రూపులో సగం మంది ఆ బొమ్మకి బొమ్మలతోనే జవాబిచ్చారు. మా అమ్మ చదివి ఫోను బోర్లించి పక్కన పెట్టేసింది.

మా అక్కా బావా నెదర్లాండ్స్‌లో, ఐండ్‌హోవెన్‌లో ఉంటారు. ఈ కార్తీకంలో వాళ్ళ పాపకి నాలుగేళ్ళు. మేము కోనసీమలో, అంబాజీపేట దగ్గర ఒక ఊళ్ళో ఉంటాం. పాప రాలేదు, వచ్చే అవకాశమూ లేదు. అయినా క్షీరాబ్ది ద్వాదశి నాడు మా అమ్మ పొద్దున్నే శివాలయంలో మనవరాలి పేరున అర్చన చేయించి (గోత్రం బావదే చెప్పింది, కంగారు పడకండి), మధ్యాహ్నం వీధిలోవాళ్ళందరినీ పిలిచి అన్నం పెట్టింది. బాబాయి దెప్పింది దీన్నే. హైదరాబాద్‌లో ఉంటాడు కాబట్టి ఆయనకి ఫొటోలే దక్కాయి. కార్తీకం కాబట్టి నీచు లేదు. ఉండి ఉంటే ఆ దెప్పు కాస్త మెత్తగా ఉండేదేమో.

ఆయన మాట తేలిగ్గా తీసిపారేసేది కాదు. అందుకే ఇంత రాస్తున్నాను. పిల్ల లేనిచోట పుట్టినరోజు చెయ్యడం విడ్డూరం కాదనీ, పైపెచ్చు పిల్ల ఉన్నచోట కంటే లేనిచోటే దాని అవసరం ఎక్కువనీ నా వాదన.

అసలు భోజనాలే మానేద్దామని ముందు అన్నది నేను. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. ద్వాదశి నాటికి ఇంకా వారం తిరగలేదు. సార్వా చేలు నేలకి అంటుకుపోయి ఉన్నాయి. అరటితోటల సంగతి చెప్పక్కర్లేదు, విస్తరెయ్యడానికి చిరగని ఆకు దొరకలేదు. “ఊరంతా ఇలా ఉంటే మనింట్లో బూర్లేమిటమ్మా” అన్నాను. “ఊరు ఇలా ఉందనేగా వండేది” అంది. దొడ్లో గాడిపొయ్యి తవ్వించింది. కందా బచ్చలి, గుమ్మడికాయ పులుసు, పులిహోర, పూర్ణం బూర్లు, పరమాన్నం. పడిపోయిన కొబ్బరిచెట్లు కోసి తీసే పనివాళ్ళు కూడా ఆ పూట మా అరుగు మీదే తిన్నారు. కాగితపు విస్తళ్ళలోనే.

ఆ పనివాళ్ళలో ఒకాయన చెయ్యి కడుక్కుంటూ “పుట్టినరోజన్నారు, పాపేదండీ?” అని అడిగాడు. చెప్పాను. కాసేపు ఆలోచించి “అయితే మా తిండి ఆ పాపకి చేరినట్టేనా?” అన్నాడు. ఆయన హాస్యానికి అనలేదు. నాకు వెంటనే జవాబు తోచలేదు.

తారీఖులు రెండు, తిథి ఒకటి

పాప పుట్టింది అక్కడి రాత్రి పదకొండింటికి. అప్పుడు మా ఊళ్ళో తెల్లవారుజాము మూడున్నర. అక్కడ ఒక తారీఖు, ఇక్కడ ఇంకో తారీఖు. కోవిడ్ రోజులు కావడంతో అమ్మ పురిటికి వెళ్ళలేకపోయింది. తొలి కాన్పు పుట్టింట్లో జరగాల్సింది పోయి, పురుడూ బారసాలా రెండూ ఫోనులోనే చూసింది. ఏ తారీఖు గుర్తుపెట్టుకోవాలో తెలియక ఆ పూటే పంచాంగం తీసి ద్వాదశి అని రాసుకుంది.

ఇందులో చాదస్తం ఉందని అందరూ అంటారు, లెక్క ఉందని ఎవరూ అనరు. సూర్యుడి నుంచి చంద్రుడు 12 డిగ్రీలు ముందుకి జరగడానికి పట్టే కాలం ఒక తిథి. అది ఐండ్‌హోవెన్‌కైనా అంబాజీపేటకైనా ఒకే క్షణంలో మొదలై ఒకే క్షణంలో అయిపోతుంది. మారేది గడియారాలే. (సూర్యోదయానికి ఉన్న తిథే ఆ రోజు తిథి అనే పద్ధతి పట్టుకుంటే మళ్ళీ తేడాలొస్తాయి. ఆ గొడవ పంతులుగారికి వదిలేస్తున్నాను.) చాంద్రమాన సంవత్సరానికి సుమారు 354 రోజులే కాబట్టి తిథి ఏటా పదకొండు రోజుల దాకా ముందుకొస్తుంది. మధ్యలో అధికమాసం పడితే మళ్ళీ వెనక్కెళుతుంది. 2023లో అధిక శ్రావణం వచ్చినా ఈసారి పాప తిథి తారీఖుకంటే రెండు వారాలు ముందే పడింది.

దీనివల్ల మాకొక లాభం కలిసొచ్చింది. తారీఖు అక్కవాళ్ళకి, తిథి మాకు. ఒకే రోజు రెండు చోట్లా చేస్తే, ఫోనులో వాళ్ళ కేకు మేం చూడాలి, మా విస్తళ్ళు వాళ్ళు చూడాలి. ఇద్దరికీ తృప్తి ఉండదు.

పిల్ల ఎందుకు రాలేదంటే

“అంత ప్రేమ ఉంటే తీసుకురావచ్చుగా” అనేవాళ్ళకి ఆ దేశం సంగతి కొంచెం చెప్పాలి. అక్కడ పిల్లలకి నాలుగేళ్ళు నిండగానే బడి. జూన్‌లో అందరూ కట్టగట్టుకుని చేరడం ఉండదు. ఎవరి పుట్టినరోజు వస్తే వాళ్ళు తరగతిలోకి అడుగు పెడతారు. ఆ పిల్లకి ఈ నాలుగో పుట్టినరోజంటే బడి తలుపు తెరుచుకోవడమే. ఆ వారం మానిపించి కోనసీమ తీసుకురమ్మని ఎవరడుగుతారు?

వచ్చే ఏడు మరీ కష్టం. ఐదు నిండాక బడి చట్టప్రకారం తప్పనిసరి. సెలవులు కాని రోజుల్లో అనుమతి లేకుండా మానిపించి ఊరు తీసుకెళ్తే తల్లిదండ్రులకి జరిమానా పడొచ్చు. అక్టోబరులో ఒక వారం సెలవులిస్తారు, అది కార్తీకానికి అందదు. క్రిస్మస్ సెలవులు సంక్రాంతికి ముందే అయిపోతాయి కాబట్టి కనుమ నాటి జగ్గన్నతోట ప్రభల తీర్థమూ లేదు. మిగిలింది వేసవి సెలవులు, అంటే మనకి ఆషాఢ శ్రావణాలు, గోదావరి ఎర్రనీళ్ళతో లంకల మీదకొచ్చే రోజులు. ఇక పాపకి కోనసీమంటే వాన, వరద, బురదే. ఇంకా చాలా ఏళ్ళు ఆ పిల్ల పుట్టినరోజుకి మా ఊరు రాదు. మాకున్న దారులు రెండే: పిల్ల లేకుండా చెయ్యడం, లేదా మానుకోవడం.

తద్దినంలా ఉందన్న మాట

బాబాయి వెటకారంలో ముల్లు ఎక్కడుందో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనలేదు. మనిషి ఎదురుగా లేకపోవడం, తిథి చూసుకోవడం, పదిమందికి అన్నం పెట్టడం. ఈ మూడూ కలిసే సందర్భం మన ఇళ్ళల్లో ఒక్కటే ఉంది.

భోజనాల నాడు ఇంకో చిన్న సంగతి కూడా జరిగింది. పాప ఫొటో పెద్దది చేయించి అమ్మ వసారాలో కుర్చీ మీద పెట్టింది. ఎదురింటి మామ్మగారు వస్తూనే చూసి లెంపలేసుకుని “అదేం పనే, ముందు తీసి లోపల పెట్టు” అని కసిరింది. అమ్మ గబగబా తీసేసింది. ఆ పూటంతా అమ్మ మొహంలో ఆ కంగారు తగ్గలేదు. పువ్వులు కూడా పెట్టలేదు పాపం, ఉత్త ఫొటోయే.

కాబట్టి తద్దినం పోలిక లేదని నేను బుకాయించను. కానీ మనిషి రాకుండా పుట్టినరోజు చెయ్యడం మనకి కొత్తేం కాదు. రాముడు రాడని నవమి నాడు పానకం కలపడం మానేశామా? దేవుడి లెక్క వేరంటారా, సరే, మనుషుల్లోనే చూద్దాం. ఏటా మే 15న డెల్టాలో ఊరూరా కాటన్ దొర విగ్రహాలకి దండలు వేస్తారు. 1803లో పుట్టిన ఆంగ్లేయుడాయన. గోదావరి మీద ఆయన కట్టించిన ధవళేశ్వరం ఆనకట్ట 1852కి పూర్తయింది. ఆయన్ని స్మరించే సంస్కృత శ్లోకం కూడా గోదావరి జిల్లాల్లో ప్రచారంలో ఉంది. ఎక్కడో పుట్టి, ఎక్కడో పోయిన మనిషి పుట్టినరోజుని ఆయన నీళ్ళు తాగే ఊళ్ళు చేసుకుంటున్నాయి.

దీనికి బాబాయి ఏమంటాడో నాకు ముందే తెలుసు. “రాముడూ కాటనూ రమ్మన్నా రాలేరు. మీ పిల్ల విమానమెక్కితే వస్తుంది. రాలేనివాళ్ళకి చేసేది, రానివాళ్ళకి ఎందుకు చెయ్యడం?” మంచి ప్రశ్నే. నాకు తోచిన జవాబు ఇది. పాపకి స్నానం చేయించేది, జడ వేసేది, అన్నం దగ్గర పోట్లాడేది అక్క. ఆవిడకి రోజూ పిల్లతోనే, పుట్టినరోజు ఒక పూట ఎక్కువ హడావుడి, అంతే. మా అమ్మకి ఉన్నది ఆ ఒక్క పూటే. ఊళ్ళో వాళ్ళకి అదీ లేదు, ఆ పిల్ల వాళ్ళకి ఒట్టి వార్త. దగ్గరున్నవాళ్ళకి అందింది చాలు. దూరంగా ఉన్నవాళ్ళకి ఎవరో ఒకరు వడ్డించాలి.

పైగా అన్నం పెట్టాక వార్త మనిషవుతుంది. ఆ మర్నాటి నుంచి కాయ దింపే అతను కూడా “పాప బడికెళుతోందాండీ?” అంటున్నాడు. జూలైలో ఆ పిల్ల వచ్చి వీధిలో నిలబడితే పేరుపెట్టి పిలిచేవాళ్ళుంటారు. మొదటి ఏడు వచ్చినప్పుడు అప్పనపల్లిలో పుట్టువెంట్రుకలు నా ఒళ్ళోనే తీయించారు, మేనమామని కదా. అప్పుడు దారిలో ఎదురైనవాళ్ళందరికీ “మా అక్క కూతురు” అని నేను చెప్పుకోవాల్సొచ్చింది. పిల్లకి ఊరు తెలియడం ఒక ఎత్తు, ఊరికి పిల్ల తెలియడం ఇంకో ఎత్తు. రెండోది మా చేతుల్లో పనే.

అక్క చెప్పిన సంగతొకటి. ఆ దేశంలో పుట్టినరోజుకి వెళ్ళినవాళ్ళు పిల్లకి శుభాకాంక్షలు చెప్పి ఊరుకోరట. కుర్చీలన్నీ గుండ్రంగా వేసి ఉంటాయి. వరసగా అమ్మకి, నాన్నకి, తాతకి, మామ్మకి, అన్నదమ్ములకి చెయ్యి కలిపి అందరికీ శుభాకాంక్షలు చెప్పుకుంటూ వెళ్ళి కూచోవాలి. తర్వాత కాఫీ, ఒక కేకు ముక్క. పుట్టినరోజులన్నీ రాసిపెట్టుకున్న క్యాలెండరు మాత్రం మరుగుదొడ్లో వేలాడుతుంది. రోజుకోసారైనా కళ్ళబడాలి కదా, చోటు బాగానే ఎంచారు. ముక్కూమొహం తెలియని పెద్దాయన మా బావకి “మీ అమ్మాయి పుట్టినరోజు శుభాకాంక్షలు” అని చెబితే మొదట్లో బావ తికమకపడ్డాడట. నాకైతే తికమకేమీ లేదు. పిల్ల పుట్టింది అంటే ఇంకొకరు తాతయ్యారు, ఇంకొకరు మేనమామయ్యారు. ఆ రోజు వాళ్ళది కూడా.

కువైట్ డబ్బులు

మా పక్క వీధిలో ఇంకో పుట్టినరోజు ఏటా ఘనంగా జరుగుతుంది. ఆరేళ్ళ పిల్లాడు. సెంటర్లో ఫ్లెక్సీ, రాత్రి సౌండ్ బాక్సులు, కోడి పలావు, వచ్చినవాళ్ళకి స్టీలు డబ్బాలు. వాళ్ళమ్మ కువైట్‌లో ఒకరింట్లో పని చేస్తుంది. ఫ్లెక్సీలో పిల్లాడు మీసాల రాజు వేషంలో ఉంటాడు, పైన మూల గుండ్రటి ఫొటోలో ఆవిడ ఉంటుంది.

“విదేశాల్లో పిల్లల్ని పెంచడం” అంటే మనకి చటుక్కున ఐండ్‌హోవెన్, డాలస్ గుర్తొస్తాయి. కోనసీమలోనూ నరసాపురం వైపూ ఆ మాటకి ఇంకో రూపం ఉంది: తల్లి విదేశంలో, పెంచేది ఇక్కడ అమ్మమ్మ. ఇంటిపనికి వెళ్ళేవాళ్ళకి బిడ్డల్ని వెంట తీసుకెళ్ళే వీసా ఇవ్వరు. మన ప్రభుత్వం కూడా పదో తరగతి ప్యాసవని ఆడవాళ్ళని ముప్పై ఏళ్ళు నిండితే గాని ఆ పని మీద గల్ఫ్‌కి పంపదు. కాబట్టి అలా వెళ్ళే ఆడమనిషికి ఇంటి దగ్గర బడి ఈడు పిల్లలుండడం మామూలే. సెలవు రెండేళ్ళకోసారి. ఆ సెలవు కొడుకు పుట్టినరోజుకి కుదరడం అదృష్టం.

ఆ ఫ్లెక్సీ చూసి “కువైట్ డబ్బులు ఆడుతున్నాయి” అనేవాళ్ళు మా వీధిలోనూ ఉన్నారు. నిరుడు ఆ పిల్లాడి అమ్మమ్మని మాటల్లో అడిగాను, ఇంత ఖర్చెందుకండీ అని. “ఆళ్ళమ్మ ఇమోలో సూత్తాది బాబూ. సిన్నగా సేత్తే దానికి కనపడదు” అంది. ఫ్లెక్సీ ఎందుకంత పెద్దగా ఉంటుందో నాకు ఇంతకంటే బాగా ఎవరూ చెప్పలేదు. అది సెంటర్లో నిలబడే మనకోసం కాదు. ఆవిడ ఫోను తెరలో పట్టాలి, ఆవిడ యజమానురాలికి చూపించుకునేలా ఉండాలి. మా ఇంట్లో పిల్ల లేదు, ఆ ఇంట్లో తల్లి లేదు. మాదానికి విడ్డూరమని పేరు, వాళ్ళదానికి ఆర్భాటమని. యూరప్‌లో ఉన్న మనవరాలి కోసం వీధికి అన్నం పెడితే ఆప్యాయత, కువైట్‌లో ఉన్న కూతురి కోసం వీధికి పలావు పెడితే ఆడంబరమా? ఈ తక్కెడ నాకు నచ్చదు.

అలాగని ఖర్చుకి హద్దుండదా అంటే, ఉండాలి. ఆ పలావులో సగం వడ్డీకి తెచ్చినదని కూడా నాకు తెలుసు. మనం పెట్టింది చూసి పక్కింటివాళ్ళు పెట్టలేక నలిగిపోయే సంగతీ ఉంది. ఆమధ్య ఏసీ హాలు, ఎల్ఈడీ తెర పెట్టి చేసిన ఒక అమెరికా వాళ్ళ మొదటి పుట్టినరోజుకి వెళ్ళాను. చప్పుడుకి పిల్లాడు బెదిరి రెండు గంటలు ఏడ్చాడు, యాంకరమ్మాయి మాత్రం ఆగలేదు. దాని గురించి రాస్తే ఇంకో వ్యాసం అవుతుంది. నేను సమర్థిస్తున్నది అన్నాన్ని, యాంకర్ని కాదు.

అక్క అన్న మాట

ఇంతకీ ఈ వాదనంతా విని ఒప్పుకోనిది బాబాయి కాదు, అక్క.

ద్వాదశి ఆదివారం పడింది. మాకు మధ్యాహ్నం పన్నెండున్నరకి వాళ్ళకి ఉదయం ఎనిమిది. మొదటి బంతి లేచాక అమ్మ వీడియో కాల్ చేసింది. పాప నిద్రబట్టల్లో కూచుని వెన్న రాసిన బ్రెడ్డు మీద చాక్లెట్ పలుకులు చల్లుకుని తింటోంది. అమ్మ ఫోను తిప్పి బంతులన్నీ చూపించింది. “నీ పుట్టినరోజమ్మా” అంది. పాప మూడు వేళ్ళు చూపించి “నాకింకా మూడే” అంది. నాలుగొస్తే బడికెళ్ళాలి, ఇంకా వెళ్ళడం లేదు కదా, కాబట్టి నాలుగు రాలేదు. ఆ పిల్ల లెక్క కచ్చితంగా ఉంది. వీధిలోవాళ్ళు నవ్వారు. పాప బ్రెడ్డు మీదకి పోయింది. అక్క మాత్రం తర్వాత నాకు విడిగా ఫోన్ చేసింది.

“మీరు ప్రేమగానే చేస్తున్నారురా. కానీ నేను రాలేదన్న సంగతి ఊరందరినీ కూచోబెట్టి చెప్పినట్టుంటుంది నాకు” అంది.

దూరంగా ఉన్నవాళ్ళకి వడ్డించాలి అని పైన రాశాను కదా. ఇలా చూస్తే దూరంగా ఉన్నది ఎవరు? మాకు అక్క దూరం, అక్కకి మేమంతా దూరం. మా తృప్తి కోసం వేసిన విస్తరి అక్కడ ఆవిడ గుండెలో బరువైతే ఏం చెయ్యాలి? వాదిద్దామని నోరు తెరిచి ఊరుకున్నాను. “కువైట్ ఆవిడకి ఫోనులో చూడటం సంతోషం కదా, నీకేం?” అనబోయాను, అదీ మింగేశాను. ఆవిడ డబ్బు పంపి తనే చేయిస్తోంది. అక్కని మేం అడగనే లేదు, అమ్మ నిశ్చయించుకుంది, చేసింది. ఆ తేడా చిన్నది కాదు.

చివరికి నేనన్నది ఇంతే: వచ్చేసారి బంతుల మధ్య ఫోన్ చెయ్యం, ఫొటో కుర్చీ ఎక్కదు, గ్రూపులో పెట్టం. ఏం వండాలో, ఎవర్ని పిలవాలో నువ్వే చెప్పు. అక్క కాసేపాగి “నాకు ఆరో తరగతిలో లెక్కలు చెప్పిన మాస్టారు ఉన్నారా, ఆయన్ని పిలవండి” అంది. నా వాదన ఒప్పుకున్నట్టేనా అని అడిగితే లేదంది.

ఇప్పుడు పేచీ ఇంకోచోట వచ్చింది. 2026లో అధిక జ్యేష్ఠం ఉంది కాబట్టి వచ్చే కార్తీకంలో తిథి తారీఖు దాటాక పడుతుంది. బావగారి అమ్మానాన్నలది గోదావరి అవతల ఆచంట. మా ఇంట్లో భోజనాల సంగతి విని వాళ్ళు, నానమ్మా తాతయ్యా ఉండగా అమ్మమ్మగారింట్లో మొదట ఎలా చేస్తారని నొచ్చుకున్నారు. న్యాయమే. వచ్చే ఏడు ముందొచ్చే తారీఖు ఆచంటకి, ద్వాదశి మాకు అని బావే ఫోనులో కూచుని తేల్చాడు. మా అమ్మ ఒప్పుకుంది, ఒక్క షరతు మీద. వియ్యపురాలు చేసే పూర్ణం పల్చన అని ఆవిడ అభిప్రాయం, అందుకని ఆ తారీఖు నాటి బూర్లు కూడా ఇక్కడే వేయించి చించినాడ వంతెన మీదుగా నా చేత పంపిస్తుందట. ఈ షరతు సంగతి ఆచంటలో ఇంకా ఎవరికీ చెప్పలేదు.